తాడు ఎవరు చూస్తారు?

2025 మార్చి 1, శనివారం సాయంత్రం. పినపాకలో మా ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని ఫోన్లో ఒక వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ముందురోజు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో, కింగ్డా కా అనే రోలర్ కోస్టర్‌ని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. 456 అడుగుల ఎత్తు. 2005లో మొదలైన రోజు నుంచి 2024లో మూతపడేదాకా ప్రపంచంలో దానికంటే ఎత్తైన రోలర్ కోస్టర్ లేదు. కొన్ని సెకన్లలో ఇనుప కుప్ప అయిపోయింది.

నాన్న మిరప చేను దగ్గర్నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నా వెనక నిలబడి చూశాడు.

"అది మనం చూసిందే గదా?"

"అదే నాన్నా."

"పడగొట్టిన్రా! ఏమైంది, తాడు తెగిందా?"

తెగలేదని చెప్పాను. కింగ్డా కా కూలిపోయిందని ఆ రోజు ప్రపంచంలో చాలామంది బాధపడి ఉంటారు. తాడు సంగతి అడిగింది మాత్రం బహుశా మా నాన్న ఒక్కడే.

నాన్న మణుగూరు వైపు ఒక భూగర్భ గనిలో 30 ఏళ్ళకు పైగా హాలేజీ ఆపరేటర్‌గా పనిచేసి 2016లో రిటైరయ్యాడు. వాలుగా భూమిలోకి దిగే సొరంగంలోంచి బొగ్గు టబ్బుల్ని పైకి లాగే ఇంజను అది. ఒక పెద్ద డ్రమ్ము, దానికి చుట్టుకునే ఉక్కు తాడు, తాడు చివర టబ్బుల వరస. బొగ్గు బయటికి రావాలన్నా, ఖాళీ టబ్బులు లోపలికి పోవాలన్నా ఆ తాడే. నా చిన్నప్పుడు జాతరలో జెయింట్ వీల్ ఎక్కుతానంటే నాన్న ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, బోల్టుల మీద చెయ్యేసి చూసి, అప్పుడు టికెట్టు కొనేవాడు. తోటి పిల్లల ముందు నాకు సిగ్గుగా ఉండేది.

*

2018, 2019ల్లో నేను ఆన్‌సైట్ మీద న్యూజెర్సీలో ఉన్నాను. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఇంటి నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పని యాత్రలు కొన్ని ఉంటాయి: నయాగరా, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి, న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం. మా వాళ్ళు 2019 వేసవిలో వచ్చారు. ఆ జాబితాకి నేను కింగ్డా కా కలిపాను. అమ్మ ఆ ఎత్తు చూసి "ఇదేం పొయ్యేకాలంరా" అని నీడలోకి వెళ్ళిపోయింది. నాన్న పట్టాలకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు.

నేను గంటన్నర లైన్లో నిలబడి ఎక్కాను. రైలు మెల్లగా లాంచ్ ట్రాక్ మీదికి వచ్చి ఆగింది. తర్వాత 3.5 సెకన్లలో గంటకు 206 కిలోమీటర్లు. అరవడానికి తీసుకున్న ఊపిరి బయటికి రాకముందే నిట్టనిలువుగా పైకి వెళ్తున్నాను. శిఖరం మీద ఒక్క క్షణం గాలి మెత్తబడింది. వెంటనే నేల మెలి తిరుగుతూ మీదికొచ్చింది. ఎక్కిన దగ్గర్నుంచి బ్రేకులు పడేదాకా మొత్తం అర నిమిషం. దిగాక కాళ్ళు వణుకుతూ నాన్న దగ్గరికి వచ్చాను.

"తాడా, మోటారా?" అన్నాడు.

తాడే. ఆ రాత్రి ఇంటికి వచ్చాక కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. పంపులు నూనెని తోస్తూ పెద్ద సిలిండర్లలోని నైట్రోజన్ వాయువుని నొక్కి ఉంచుతాయి. ఒక్కసారి వదలగానే ఆ ఒత్తిడి నూనెని హైడ్రాలిక్ మోటార్లలోకి తోస్తుంది. మోటార్లన్నీ కలిసి ఒక డ్రమ్ముని తిప్పుతాయి. డ్రమ్ముకి ఉక్కు తాడు, తాడుకి క్యాచ్ కార్, దానికి తగులుకుని 18 మంది కూర్చున్న రైలు. ఆ కొద్ది సెకన్లలో గరిష్ఠ శక్తి సుమారు 20,800 హార్స్‌పవర్. అంటే 15 మెగావాట్ల పైనే. మా ఊరికి దగ్గర్లోని భద్రాద్రి థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ 270 మెగావాట్లు. అందులో సుమారు పదిహేడో వంతు, 18 మందిని ఒక్కసారి గోడెక్కించడానికి.

నాన్న బొమ్మని చాలాసేపు చూశాడు. "ఇది మన హాలరే గదరా" అన్నాడు. కాసేపాగి, "నేను పన్నెండు సార్లు చూసిన. ప్రతిసారీ ఒక్కతీరుగ పోతలేదు. ఒకసారి పైన మెల్లగ దాటింది, ఇంకోసారి జోరుగ దాటింది. తాడు రోజూ ఎవరు చూస్తరు?" అన్నాడు.

నాకు జవాబు తెలియలేదు. ఎవరో చూస్తారులే అన్నాను.

*

బెంచీ మీద కూర్చుని నాన్న గమనించిన తేడాయే ఈ కోస్టర్ల కథంతా.

మామూలు రోలర్ కోస్టర్‌లో గొలుసు రైలుని నెమ్మదిగా కొండ పైదాకా లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత పనంతా భూమ్యాకర్షణది. దానికి రిపేరు ఉండదు. మన హైదరాబాద్‌లో రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రికాయిల్ ఉంది కదా, ముందుకెళ్ళి మళ్ళీ అదే దారిన వెనక్కి తీసుకొచ్చేది, అది కూడా ఎత్తుకి లాగి వదిలే రకమే. ఆ బూమరాంగ్ నమూనా 1984 నాటిది. ప్రపంచంలో పదుల సంఖ్యలో ఉన్నాయి. దాన్ని ఎక్కడానికి ఎవరూ సముద్రాలు దాటి రారు. అది అలా నడుస్తూ ఉంటుంది.

లాంచ్ కోస్టర్‌లో కొండకి కావలసిన శక్తి మొత్తం కొద్ది సెకన్లలో ఇచ్చెయ్యాలి. గాలి ఎదురైతే కొంచెం ఎక్కువ కావాలి. రైల్లో బరువు మారితే లెక్క మారుతుంది. చలికీ ఎండకీ తేడా ఉంటుంది. కంట్రోల్ వ్యవస్థ అంతకు ముందు లాంచ్‌లు ఎలా వెళ్ళాయో చూసుకుంటూ తోపుని సవరిస్తుంది. కొంచెం తక్కువైతే రైలు శిఖరం దాటదు. కొంచెం ఎక్కువైతే అవసరానికి మించిన జోరుతో దాటుతుంది. రికార్డు కోసం ఎత్తు పెంచిన కొద్దీ ఈ రెంటి మధ్య చోటు తగ్గుతుంది. నడిచేచోట మిగలాల్సిన జాగా రికార్డు పద్దు కింద ఖర్చయిపోతుంది.

1997లో కాలిఫోర్నియాలో సూపర్‌మాన్ ది ఎస్కేప్ 415 అడుగులు. 2003లో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ 420 అడుగులు, గంటకు 120 మైళ్ళు. 2005 మే 21న కింగ్డా కా. 2010లో అబుదాబిలో ఫెరారీ వరల్డ్ వాళ్ళ ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్లు. ముందు వరసలో కూర్చుంటే కళ్ళజోడు పెట్టుకోవాల్సిందే. ఇందులో కింగ్డా కా మొదలైన మూడు వారాల్లోపే ఒక బోల్టు విఫలమై, తాడు నడిచే తొట్టి దగ్గర దెబ్బతిని, రెండు నెలల దాకా మూతపడింది. అంటే తాడు గురించి నాన్న అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. పద్నాలుగేళ్ళు ఆలస్యమైన ప్రశ్న, అంతే.

*

ఇంత తరచుగా ఆగే యంత్రాల్ని జనం ఎందుకంత ప్రేమిస్తారు?

రికార్డు అంటే మోజు అనేది సగం జవాబు. అది మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి రోజు వసూళ్ళ అంకెల కోసం స్నేహాలు చెడగొట్టుకునే జాతి మనది. రెండోవారం ఆ సినిమా ఎలా ఆడిందో ఎవరికీ గుర్తుండదు.

మిగతా సగం వింతైనది. డ్రాగ్‌స్టర్, కింగ్డా కా అభిమానులు రోల్‌బ్యాక్ కోసం మొక్కుకునేవారు. రోల్‌బ్యాక్ అంటే తోపు చాలక రైలు శిఖరం దాకా పోయి, దాటలేక, వచ్చిన దారినే వెనక్కి జారిపోవడం. న్యూజెర్సీలో లైన్లో నా ముందున్న కుర్రాడు తొమ్మిదోసారి ఎక్కుతున్నాడట, "ఇప్పటిదాకా ఒక్క రోల్‌బ్యాక్ కూడా రాలేదు" అని బాధపడ్డాడు. యంత్రం ఓడిపోవడం వాడికి బహుమతి. ఎందుకంటే దాటిన ప్రతి రైలూ ఒకేలాంటిది. దాటలేనిది మాత్రం వాడొక్కడిది.

అంత నిబ్బరంగా కోరుకోగలగడానికి కారణం ఉంది. లాంచ్ ట్రాక్ పొడవునా బ్రేకు రెక్కలుంటాయి. రైలు దూసుకెళ్ళేటప్పుడు కిందికి దిగి ఉంటాయి, అది దాటగానే పైకి లేస్తాయి. రైలు వెనక్కి జారితే అయస్కాంతాలకీ ఆ లోహపు రెక్కలకీ మధ్య పుట్టే బలం దాన్ని నెమ్మదిస్తుంది. రైలుని ఆపే ఆ బలానికి కరెంటు అక్కర్లేదు. ఒకదాన్నొకటి తాకనక్కర్లేదు. రైలు ఎంత జోరుగా వస్తే అంత గట్టిగా అడ్డుకుంటుంది. నా దృష్టిలో ఆ కోస్టర్లలో గొప్ప ఇంజనీరింగ్ 3.5 సెకన్లలో లేదు, ఇక్కడ ఉంది. ఇది చెప్పినప్పుడు నాన్న ముఖం వెలిగింది. "బ్యాక్‌స్టే!" అన్నాడు. పైకెక్కే టబ్బుల వెనక తగిలించే ఇనుప కడ్డీ అది. తాడు తెగితే టబ్బులు వెనక్కి రాకుండా నేలలో గుచ్చుకుంటుంది. ఎప్పుడూ పని పడకపోయినా ప్రతి ట్రిప్పుకీ తగిలించాలి.

*

తెలుగులో ఆదమరిచి ఒకే మాట వాడతాం: నమ్మకం. కానీ ఇక్కడ రెండు సంగతులున్నాయి. వెళ్ళినప్పుడల్లా నడుస్తుందా అనేది ఒకటి. మనల్ని క్షేమంగా దింపుతుందా అనేది ఇంకొకటి. రోజుకి రెండుసార్లు ఆగే యంత్రం రెండో అర్థంలో చాలా నమ్మకమైనది కావచ్చు. సెన్సర్ అనుమానపడింది, ఆగింది. ఎప్పుడూ ఆగని యంత్రం మొదటి అర్థంలోనే నమ్మకమైనది కావచ్చు.

2021 ఆగస్టు ఈ తేడాని రెండు దేశాల్లో చూపించింది. సీడర్ పాయింట్‌లో డ్రాగ్‌స్టర్ రైలు నుంచి ఒక లోహపు ముక్క ఊడి, లైన్లో నిలబడి ఉన్న ఒక మహిళ తలకి తగిలింది. తీవ్రంగా గాయపడింది. ఆమె ఇంకా ఎక్కనైనా లేదు. ఆ కోస్టర్ ఆ రూపంలో మళ్ళీ నడవలేదు. అదే నెలలో జపాన్‌లోని ఫుజీ-క్యూ హైలాండ్‌లో డో-డోడోన్పాని ఆపేశారు. గంటకు 180 కిలోమీటర్లకి 1.56 సెకన్లలో చేరేది. ఎక్కినవాళ్ళలో కొందరికి మెడ, వెన్ను ఎముకలు విరిగాయని తేలింది. అది లైన్లో నిలబెట్టి ఆగిపోయిన కథ కాదు. నడుస్తూనే ఉంది, నడుస్తూనే గాయపరిచింది. 2024లో శాశ్వతంగా మూసేశారు.

ఇదంతా చదివి అర్థం చేసుకున్న మనిషిని నేను. రిలయబిలిటీ అనేది నా ఉద్యోగం పేరులోనే ఉంది. అందుకే ఇక ముందున్నది రాయడం కష్టంగా ఉంది.

*

2023లో హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డబ్బు చెల్లింపుల వ్యవస్థ చూసే బృందంలో ఉన్నాను. పండగ ఆఫర్లు మొదలయ్యే రాత్రి. నిమిషానికి ఎన్ని లావాదేవీలు అనే అంకె పెద్ద తెర మీద పెరుగుతోంది. పాత రికార్డు దాటబోతున్నాం. పైవాళ్ళంతా ఆ అంకెనే చూస్తున్నారు.

నా పక్కన కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుంది. చేరి నాలుగు నెలలు. పన్నెండు దాటాక ఒక అలారం మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. విఫలమైన చెల్లింపుల్ని మళ్ళీ ప్రయత్నించే క్యూ పేరుకుపోతోంది. "అన్నా, రీట్రైలు ఆపి చూద్దామా? ఒక పది నిమిషాలు" అంది. ఆపితే అంకె పడిపోతుంది. ఆ అలారం గతంలో చాలాసార్లు ఊరికే మోగింది కూడా. "వద్దు, థ్రెషోల్డ్ పెంచెయ్" అన్నాను. ఒక క్షణం నా వైపు చూసి పెంచింది. అలారం ఆగింది. రికార్డు దాటాం. చప్పట్లు.

తెల్లారేసరికి తెలిసింది, ఆ క్యూలో ఉన్న చాలా చెల్లింపులు రెండుసార్లు కట్ అయ్యాయని. డబ్బు తిరిగి ఇవ్వడానికి రోజులు పట్టింది. వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నాకు ఇప్పటికీ కంఠస్థం. ఎవరో హాస్పిటల్ మందుల కౌంటర్ దగ్గర నిలబడి రాశారు: ఖాతాలో ఉండాల్సిన డబ్బు లేదు, ఇప్పుడు ఎవర్ని అడగాలి?

ఏం జరిగిందో రాసే పత్రం నేనే రాశాను. మా పరిశ్రమలో దాన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటాం. ఎవరినీ వేలెత్తి చూపకూడదు, వ్యవస్థలో లోపం చూడాలి. మంచి నియమం. నేను దాని వెనక దాక్కున్నాను. "12.14కి అలారం పరిమితి మార్చబడింది" అని రాశాను. ఎవరు మార్చమన్నారో రాయలేదు. లాగ్‌లో మాత్రం ఆ అమ్మాయి యూజర్ ఐడీ ఉంది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనకుండానే ఆన్-కాల్ జాబితాలోంచి పేరు తీసేశారు. కొన్ని నెలలకి ఉద్యోగం మానేసింది. వీడ్కోలు లంచ్‌లో నేను బిర్యానీ తిన్నాను.

*

ఆ శనివారం రాత్రి అన్నం తిన్నాక, ఎందుకో, ఇదంతా నాన్నకి చెప్పాను. కంప్యూటర్ మాటలు తీసేస్తే కథ చిన్నదే. తాడులో ఏదో తేడా ఉందని పక్కనున్న పిల్ల చెప్పింది. నేను ఆపనివ్వలేదు. పుస్తకంలో నా పేరు రాయలేదు.

నాన్న వెంటనే ఏమీ అనలేదు. బయట కుక్కలు మొరుగుతున్నాయి. తర్వాత తన పాత సంగతి ఒకటి చెప్పాడు. ఒకసారి షిఫ్టు మొదట్లో తాడు మీద గుడ్డ పెట్టి నడిపిస్తుంటే దారపు పోగు పట్టుకుందట. చూస్తే రెండు తీగలు తెగి ఉన్నాయి. ఆపేశాడు. టబ్బులు రాక షిఫ్టంతా కూర్చోవాల్సి వచ్చింది. తోటివాళ్ళు విసుక్కున్నారు. రెండు తీగలకే ఏమవుతుంది, ఇంకో వారం లాగుతుంది అన్నారు.

"లాగేదేమో. నాకేం తెల్సు" అన్నాడు నాన్న. "తాడు చూసినట్టు పుస్తకంల నా సంతకం ఉంటది. చూసిన పొద్దు ఆపితే తిడతరు. ఆపకపోతే ఎవ్వరూ తిట్టరు, అప్పటికి." మళ్ళీ కాసేపాగి, "ఆ పిల్లకి చెప్పినవా?" అన్నాడు.

"ఏమని?"

"నువ్వు చెప్తేనే చేసిందని."

ఆ పిల్లకి అది తెలుసు కదా అనబోయాను. ఆమెకి తెలుసు. తెలియాల్సింది మిగతావాళ్ళకి.

మర్నాడు ఆమెకి మెయిల్ రాశాను. అప్పుడు మా మీదున్న మేనేజర్‌కి కూడా, ఆ రాత్రి నిర్ణయం నాదేనని, ఆపుదామని ఆమె అడిగిందని, సమయాలతో సహా. మేనేజర్ "పాత పత్రం లాక్ అయి ఉంది, కామెంట్‌గా పెడతాను" అని జవాబిచ్చాడు. పెట్టాడు. ఆమె దగ్గర్నుంచి నాలుగు రోజుల తర్వాత ఒక వాక్యం వచ్చింది: "థాంక్స్ అన్నా, కానీ నేను ఆ రాత్రి నుంచి అలారం మోగితే నన్ను నేను నమ్మడం మానేశాను."

దానికి ఏం రాయాలో తెలియక ఇంకా రాయలేదు.

సోమవారం పొద్దున్నే మణుగూరు స్టేషన్‌కి బయల్దేరుతుంటే నాన్న బండి తీశాడు. దారిలో కింగ్డా కా కబుర్లే. ఇప్పుడు కొత్త కోస్టర్లలో తాడు ఉండదని చెప్పాను. 2017లో స్పెయిన్‌లో కట్టిన రెడ్ ఫోర్స్ గానీ, పాత డ్రాగ్‌స్టర్‌ని మార్చి 2024 మేలో తెరిచిన టాప్ థ్రిల్ 2 గానీ, పట్టాల వెంబడి అయస్కాంత మోటార్లే తోస్తాయి. డ్రమ్ము లేదు, నూనె లేదు, అరిగే తాడు లేదు.

"మరి బాగ నడుస్తున్నయా?"

టాప్ థ్రిల్ 2 తెరిచిన వారానికే మూసేశారని, ఆ సీజనంతా మళ్ళీ తెరవలేదని చెప్పాను.

"తాడు లేదంటివి గదా, మరేంది?"

"చక్రాలు నాన్నా."

నాన్న నవ్వలేదు. ఏడూళ్ళ బయ్యారం దగ్గర లారీ అడ్డం వస్తే బండి ఆపి, అది పోయేదాకా చూసి, "చక్రాలు ఎవరు చూస్తరంట?" అన్నాడు.